పంట సలహా ఫోను ఇస్తే ఒక్క సీజన్, మనిషి ఇస్తే ఏళ్ల తరబడి: రైతు ఎందుకలా చేస్తాడు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మేము పంట సలహాలు ఇచ్చే ఆప్ తయారు చేస్తున్నాం. విత్తే తేదీ, తెగుళ్ల గుర్తింపు రెండింటిలోనూ మా కంప్యూటర్ లెక్క ఊళ్లో తిరిగే అధికారి కన్నా ఎక్కువసార్లు సరిగా ఉంటోంది. రైతులు మొదటి సీజన్‌లో బాగానే విన్నారు. రెండో సీజన్‌కు చాలామంది మళ్లీ పక్క రైతు దగ్గరికో మందుల దుకాణానికో వెళ్లిపోయారు. యంత్రమంటే భయమా? సలహా కింద ఒక మనిషి ఫోటో, పేరు పెడితే ఫలితం ఉంటుందా?"

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. యంత్రమంటే భయపడేవారు మొదటి సీజన్‌లోనే వినరు. మీ రైతులు విన్నారు. కాబట్టి సలహా ఇచ్చిన రోజును కాసేపు వదిలేసి, సలహా తప్పిన రోజును చూడండి. మనిషి చెప్పింది తప్పితే రైతు ఆ ఒక్క మాటను పక్కన పెడతాడు. యంత్రం చెప్పింది తప్పితే యంత్రాన్నే పక్కన పెడతాడు. రెండో సీజన్‌లో మానేసినవారి జాబితా తీసి, మొదటి సీజన్‌లో మీ సలహా ఎవరెవరి చేలో తప్పిందో ఆ జాబితా పక్కన పెట్టండి. చాలా పేర్లు రెండింట్లోనూ కనిపిస్తాయని, మిగిలినవి వారి పక్క చేలవారివి అయి ఉంటాయని నా అంచనా. ఫోటో సంగతి చివర్లో చెబుతాను.

నేను కర్నూలు జిల్లాలోనూ, తర్వాత గుంటూరు జిల్లాలోనూ కలిపి 29 ఏళ్లు వ్యవసాయ శాఖలో పనిచేశాను. విరమణ తర్వాత పల్నాడులో ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘానికి సలహాలు ఇస్తున్నాను. మధ్యలో కొన్నాళ్లు విస్తరణ సిబ్బందికి, అంటే ఊళ్లు తిరిగి రైతులకు సలహాలు చెప్పేవారికి, శిక్షణ తరగతులు చెప్పాల్సి వచ్చి, ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు కొన్ని చదివాను. కింద రాసేదాంట్లో ఎక్కువ భాగం నేను కళ్లారా చూసింది.

పత్తికొండ వైపు ఒక ఊరు ఉంది. అక్కడ నేను చెప్పి తప్పిన మాట ఒకటి, ఫోను చెప్పి తప్పిన మాట ఒకటి ఉన్నాయి. రెండూ అదే ఊళ్లో, దాదాపు అవే కుటుంబాల దగ్గర జరిగాయి కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

నాది ముందు. వేరుశనగ పీకే సమయం. నేల గట్టిపడుతోంది, ఇంకా ఆలస్యమైతే కాయలు తెగి నేలలోనే ఉండిపోతాయి. పీకాలా, ఒక వాన కోసం ఆగాలా అని రైతులు అడిగారు. జిల్లా వాతావరణ బులెటిన్ చదివాను, ఆకాశం చూశాను, "ఈ వారం వాన లేదు, పీకండి" అన్నాను. పీకి చేలోనే వరుసలుగా పరిచారు. మూడో రోజు రాత్రి వాన పట్టుకుంది. తెల్లవారి నేను వెళ్లేసరికి కట్టె, అంటే పీకిన మొక్కలు, అంతా ముద్దయి నేలకు అతుక్కుపోయి ఉంది. ఎత్తితే ఆకు రాలిపోతోంది, కాయ నిండా బురద. రోజంతా వాళ్లతో పాటు కట్టె తిరగేశాను. మాటలు పడ్డాను. పశువుల మేత పోయిందని ఒకావిడ గట్టు మీద కూర్చుని ఏడ్చింది, ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రం ఒక పెద్దాయన టీ గ్లాసు చేతికిచ్చి అన్నాడు: "మీరు మాత్రం ఏం చేస్తారు సార్, వాన మోసం చేసింది." మరుసటి ఏడాది అదే ఊరు అదే ప్రశ్నను మళ్లీ నన్నే అడిగింది.

ఇప్పుడు ఫోనుది. కొన్నేళ్ల తర్వాత ఆ ఊరికి విత్తే తేదీ చెప్పే సందేశాలు రావడం మొదలైంది. ఎవరు పంపారన్నది ఇక్కడ అనవసరం, లెక్క మాత్రం మంచిదే. మొదటి ఏడాది "ఇప్పుడే విత్తవద్దు, ఆరుద్ర కార్తె దాకా ఆగండి" అని వచ్చింది. ఆ ఏడాది మృగశిరలోనే మంచి పదును అయింది. మృగశిర కురిస్తే ముసలెద్దు రంకె వేస్తుందని సామెత ఉన్న నేల అది. ఊళ్లో సగం మంది గొర్రు కట్టి విత్తారు, సందేశం నమ్మినవాళ్లు ఆగారు. పక్క చేలో సాళ్లు పచ్చబడుతుంటే తన చేను ఎర్రగా ఉండటం రోజూ చూడటం ఎంత కష్టమో, ఆగి చూసినవారికే తెలుస్తుంది. ఆ ఏడాది మొదట్లో వానలు ఎడం ఇవ్వకుండా పడ్డాయి, చివర్లో ముఖం చాటేశాయి. ముందు విత్తినవారికి కాయ బాగా దిగింది. ఆగినవారికి కాయ ఊరే సమయంలో బెట్ట తగిలి ఎకరాకు మూడు నాలుగు బస్తాలు తగ్గాయి.

మరుసటి ఏడాది సందేశం మళ్లీ ఆగమంది. ఒక్కరు కూడా ఆగలేదు. మృగశిర చినుకుకు అందరూ విత్తారు. ఆ తర్వాత మూడు వారాలు చుక్క రాలలేదు. మొలకలు మాడిపోయాయి, చాలా చేలు దున్ని మళ్లీ విత్తాల్సి వచ్చింది. వేరుశనగకు ఎకరాకు అరవై, డెబ్బై కిలోల విత్తనం కావాలి. ఒక సీజన్‌లో రెండుసార్లు విత్తనం కొనడమంటే, ఇక ఆ ఏడాది మిగులు అన్న మాట ఉండదు.

సందేశం రెండో ఏడాది నిజమైంది కదా, మూడో ఏడాది నమ్మి ఉంటారని మీరు అనుకోవచ్చు. నమ్మలేదు. నాకు టీ ఇచ్చిన ఆ పెద్దాయన కొడుకును అడిగాను. అతను తిరిగి నన్నే అడిగాడు: "ఆ మెసేజ్ పంపినతను ఎవరు సార్? ముందటేడు మాకు తప్పినప్పుడు ఎక్కడున్నాడు?"

ఇది పత్తికొండ రైతు ఒక్కడి స్వభావం అనుకోకండి. 2015లో బర్కిలీ డైట్‌వోర్స్ట్, జోసెఫ్ సిమన్స్, కేడ్ మాసీ అనే ముగ్గురు అమెరికాలో చదువుకున్నవారి మీద ఇదే పరీక్షించారు. ఎంబీఏలో చేరిన విద్యార్థులు ఎలా రాణిస్తారో అంచనా వేయాలి. అంచనా సరిగా ఉంటే డబ్బు వస్తుంది. తమ అంచనా మీద పందెం కాయవచ్చు, కంప్యూటర్ లెక్క మీద కాయవచ్చు. కంప్యూటర్ పనితీరు చూడనివారిలో చాలామంది దాని మీదే కాశారు. దాని పని చూసినవారు, అంటే అది అప్పుడప్పుడు తప్పడం కళ్లారా చూసినవారు, మనిషి వైపు మళ్లారు. ఆ మనిషి కంప్యూటర్ కన్నా ఎక్కువ తప్పాడని చూసిన తర్వాత కూడా మళ్లారు. ఎందుకని అడిగితే, మనిషి అనుభవంతో నేర్చుకుంటాడు, ప్రత్యేకమైన సందర్భాన్ని గుర్తుపడతాడు అన్నారు. వాన మోసం చేసింది అని నా పెద్దాయన అన్న మాట వెనుక ఉన్నది కూడా ఈ ఆలోచనే. నా తప్పుకు కారణం ఆకాశంలో దొరికింది. ఫోను తప్పుకు కారణం ఫోనులోనే దొరికింది.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1954లోనే పాల్ మీల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, రోగుల గురించి అనుభవజ్ఞులు వేసే అంచనాలను, మామూలు గణాంక లెక్కలను పోల్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూపించాడు. లెక్క దాదాపు ఎప్పుడూ సమానంగానో మెరుగ్గానో ఉంది. ఏడు దశాబ్దాలు గడిచినా ఆ మాట మింగుడుపడని వైద్యులు ఉన్నారు, వ్యవసాయాధికారులూ ఉన్నారు.

మరో వైపు కూడా చెప్పాలి. 2009లో దిలెక్ ఓంకాల్ బృందం షేర్ల ధరల మీద ఒకే అంచనాను కొందరికి నిపుణుడు చెప్పాడని, కొందరికి గణాంక పద్ధతి చెప్పిందని ఇచ్చింది. అంకె ఒకటే అయినా నిపుణుడి పేరుతో వచ్చినప్పుడు జనం తమ అభిప్రాయాన్ని ఎక్కువగా మార్చుకున్నారు. 2019లో జెన్నిఫర్ లాగ్, జూలియా మిన్సన్, డాన్ మూర్ చేసిన పరీక్షల్లో దీనికి తలకిందులుగా వచ్చింది. కంప్యూటర్ లెక్క అని చెప్పినప్పుడే మామూలు మనుషులు ఎక్కువ విన్నారు. ఆ రంగంలో పండినవారు మాత్రం ఎవరి సలహానూ పెద్దగా లెక్కచేయక, చివరికి మామూలువారి కన్నా వెనకబడ్డారు. రెండూ నిజమే. లాగ్ బృందం పరీక్షల్లో జనం కంప్యూటర్ తప్పును ఇంకా చూడలేదు. మీ మొదటి సీజన్ ఆ దశ. రెండో సీజన్ డైట్‌వోర్స్ట్ దశ.

"నా చేను వేరు" అన్న మాటను కొట్టిపారేయకండి. ఫోను సలహా వినని రైతు నోట మొదట వచ్చే మాట ఇదే. మీల్ కూడా ఒక మినహాయింపు ఒప్పుకున్నాడు. ఒక మనిషి ప్రతి వారం సినిమాకు వెళతాడని లెక్క చెబుతుంది, కానీ ఈ వారం అతని కాలు విరిగిందని మీకు తెలిస్తే లెక్కను పక్కన పెట్టాల్సిందే. చిక్కు ఎక్కడంటే, మనకు ప్రతి చోటా విరిగిన కాలే కనిపిస్తుంది. వ్యవసాయంలో ఇది ఎక్కడ నిజం, ఎక్కడ భ్రమ అన్నది నా అనుభవంలో ఇలా తేలింది. నేల, నీరు విషయంలో రైతు చెప్పేది చాలాసార్లు నిజం. వర్షమాపకం మండల కేంద్రంలో ఉంటుంది, చెరువుకు ఇవతల పడిన వాన అవతల పడదు. ఎర్రనేల రెండు రోజుల్లో ఆరితే నల్లరేగడి వారం నిలుపుతుంది. మీ లెక్క మండలం మొత్తానికి ఒకే తేదీ ఇస్తుంటే, "నా చేను వేరు" అన్నవాడే సరైనవాడు. పురుగు విషయానికి వస్తే మాత్రం ఆ మాట చాలాసార్లు మనసుకు ధైర్యం చెప్పుకోవడమే. పక్క చేనికి వచ్చింది తన చేనికి రాదని ఎవరికి మాత్రం అనుకోవాలని ఉండదు?

ఇంకో సంగతి మీ ఆప్ తయారుచేసే గదిలో కూర్చుంటే కనిపించదు. రైతు నిర్ణయం ఒక్కడే తీసుకున్నట్టు ఉంటుంది కానీ, దానికి ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. సందేశం నమ్మి ఆగిన ఒక రైతు ఇంటికి ఆ ఏడాది పంట తర్వాత వెళ్లాను. అతని భార్య నా ముందే అడిగింది: "అందరూ విత్తితే ఎవరు చెప్పారని ఆగినట్టు?" ఫోనులో వచ్చిందని అతను గొణిగాడు. ఆమె ఇంకేమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయింది. "సారు చెప్పారు" అని ఉంటే నన్ను తిట్టేది, అతను బతికిపోయేవాడు. "మా మామ చెప్పాడు" అన్నా అంతే. సలహా ఇచ్చిన మనిషి, తప్పినప్పుడు ఆ బరువులో కొంత మోస్తాడు. ఫోను మోయదు, మొత్తం బరువు ఫోను నమ్మినవాడి మీదే పడుతుంది. ఇది తెలిసిన రైతు, మీ లెక్క సరైనదని లోలోపల ఒప్పుకుని కూడా ఊరితో పాటు విత్తేస్తాడు. ఊరితో పాటు నష్టపోతే అడిగేవారు ఉండరు.

మందుల దుకాణం దగ్గరికి వెళ్లడాన్ని కూడా మీరు నమ్మకం కింద లెక్కేస్తున్నట్టున్నారు. జాగ్రత్త. 2003లో జాతీయ నమూనా సర్వే 59వ విడతలో, ఆధునిక సాంకేతిక సమాచారం ఎక్కడి నుంచైనా అందుకున్న రైతు కుటుంబాలు దేశంలో 40 శాతమే. అభ్యుదయ రైతుల నుంచి 16.7 శాతం, ఎరువులు, మందులు అమ్మేవారి నుంచి 13.1 శాతం కుటుంబాలు పొందాయి. విస్తరణ సిబ్బంది నుంచి 5.7 శాతం. మా శాఖకు అది తలదించుకునే అంకె. అదే ఏడాది హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్) ఆ అమ్మేవారికే, అంటే డీలర్లకే, వ్యవసాయ విస్తరణలో డిప్లొమా మొదలుపెట్టింది, ఎలాగూ రైతు అడిగేది వాళ్లనే కాబట్టి. కానీ డీలర్ మాట వినడం వెనుక ఖాతా పుస్తకం ఉంటుంది. మందు అప్పుగా ఇచ్చేది అతనే, పంట వచ్చాక వసూలు చేసుకునేదీ అతనే. రెండు డబ్బాలు తీసుకెళ్లమంటే, ఒకటి చాలని ఫోను చెప్పింది అని అనగలిగే రైతు ఎందరు? అక్కడ మీరు పోటీ పడుతున్నది సలహాతో కాదు, అప్పుతో. ఆ రైతులను మీ లెక్కలో వేరుగా పెట్టుకోండి. లేకపోతే మీ సలహా భాషను ఎంత మార్చినా అంకె కదలదు.

సలహా నిలబడిన చోట్లు కూడా చెబుతాను. 2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వారు వరంగల్ జిల్లాలో ఇ-సాగు మొదలుపెట్టారు. మూడు ఊళ్లు, 1,051 పత్తి చేలు. ఊళ్లోని యువకులు చేలో తిరిగి ఫోటోలు తీసేవారు. అప్పట్లో నెట్ వేగం చాలక ఆ ఫోటోలను సీడీల్లో కొరియర్ చేసేవారు. హైదరాబాద్‌లో నిపుణులు చూసి ఒక్కో చేనికి సలహా రాస్తే, దాన్ని ఊళ్లో రైతు చేతికి అందించింది మళ్లీ ఆ యువకులే. కంప్యూటర్ మధ్యలో ఉంది, రెండు కొసల్లోనూ మనుషులున్నారు. గుజరాత్‌లో పత్తి రైతులకు షాన్ కోల్, నీలేష్ ఫెర్నాండో పరీక్షించిన ఏర్పాటు ఇంకోలాంటిది. రైతు ఫోను చేసి తన గొంతుతో ప్రశ్న అడిగితే, వ్యవసాయ నిపుణుడు తన గొంతుతో జవాబు చెబుతాడు. రెండేళ్లలో ఆ రైతులు మామూలుగా అడిగే చోట్లకు వెళ్లడం తగ్గించారు. గొంతుకు ఉన్న విలువ అది. మీ సందేశాలు అక్షరాల్లో వస్తే, చాలా ఇళ్లలో వాటిని చదివేది బడికి వెళ్లే పిల్ల. నిర్ణయం తీసుకునేది ఆమె తాత.

కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016 ఖరీఫ్‌లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి, రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో 175 మంది వేరుశనగ రైతులకు విత్తే తేదీని తెలుగు సందేశాలుగా పంపాయి. 1986 నుంచి 2015 దాకా 30 ఏళ్ల వాతావరణ లెక్కలు చూసి, జూన్ మొదటి వారం కాకుండా చివరి వారం దాకా ఆగమన్నారు. దిగుబడి 30 శాతం పెరిగిందని ప్రకటించారు. ఆ అంకెను కాస్త జాగ్రత్తగా తీసుకోండి. అది ఒక్క సీజన్ లెక్క, చేరినవారు చేరడానికి ఇష్టపడినవారు. నాకు ముఖ్యంగా కనిపించేది అది కాదు. మొదటి ఏడాదే సలహా నిజం కావడం ఎంత అదృష్టమో చూడండి. నేను చెప్పిన ఊరికి మొదటి ఏడాదే తప్పింది. పదేళ్లలో ఏడుసార్లు సరిగా చెప్పే లెక్క అయినా, తప్పే మూడేళ్లలో ఒకటి మొదట్లోనే వస్తే దాని కథ అక్కడితో ముగుస్తుంది.

రైతు కంప్యూటర్ అంచనాలను అసలు పట్టించుకోడని ఎవరైనా అంటే నమ్మకండి. 2022లో తెలంగాణలో 250 గ్రామాల్లో రుతుపవనాల రాకను నెల ముందే చెప్పి చూశారు. తాము అనుకున్నదాని కన్నా ఆలస్యమని విన్నవారు సాగు విస్తీర్ణం తగ్గించుకున్నారు, త్వరగా వస్తాయని విన్నవారు పెట్టుబడి పెంచారు. ప్రతి ఒక్కరూ ముందు తన అంచనా వేసుకుని, దాని పక్కన కొత్త అంచనాను పెట్టి చూసుకున్నారన్న మాట. రైతు ఖాళీ పలక కాదు.

ఇప్పటిదాకా వినకపోవడం గురించి రాశాను. అతిగా వినడం అంతకన్నా ప్రమాదం, అది నాకే జరిగింది. 2021 చివర్లో పల్నాడులో మిరప. ఆకులు ముడుచుకుపోతున్నాయని ఒక రైతు పిలిచాడు. మిరపలో ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అని కొత్తగా చేరిన సిబ్బందికి నేనే నేర్పేవాణ్ని. ఆకు తిప్పి అడుగున చూడాలి, పువ్వు తట్టి చూడాలి అని కూడా నేనే చెప్పేవాణ్ని. ఆ రోజు చేతిలో ఫోటో తీస్తే తెగులు చెప్పే ఆప్ ఒకటి ఉంది. పైనుంచి ఫోటో తీశాను. నల్లి, 94 శాతం అంది. ఆ అంకె చూశాక నా చెయ్యి ఆకు తిప్పలేదు. నల్లి మందు రాసిచ్చాను. వారం తర్వాత వెళితే పూత రాలిపోతోంది. అక్కడ కాయలు ఏరుతున్న ఒకావిడ ఏమీ మాట్లాడకుండా ఒక పువ్వు తెంపి తన అరచేతిలో తట్టింది. నువ్వు గింజ కన్నా చిన్నవి, నల్లనివి, అయిదారు పురుగులు చేతి గీతల మీద పరుగెత్తాయి.

అది నల్ల తామర పురుగు. మన దేశంలో 2015లో బొప్పాయి మీద గుర్తించారు, మిరప మీద అంతలా విరుచుకుపడింది ఆ ఏడాదే. పాత ఫోటోలతో నేర్చుకున్న ఆప్‌కు దాని సంగతి తెలిసే అవకాశం లేదు. తెలియనిదాన్ని తెలియదనకుండా, తనకు తెలిసినవాటిలో దగ్గరగా ఉన్న పేరు చెప్పింది. దాని తప్పు అంతవరకే. అనుభవం ఉన్నవాణ్ని, చెట్టు పక్కనే నిలబడినవాణ్ని, రెండు క్షణాల పని చేయకపోవడం నా తప్పు. ఆ రైతుకు ఒక పిచికారీ ఖర్చు, ఒక వారం పూత పోయాయి. 2023లో 27 మంది రేడియాలజిస్టులకు రొమ్ము ఎక్స్‌రేలు ఇచ్చి, కొన్నింటికి కావాలనే తప్పు కంప్యూటర్ సూచన చూపించిన అధ్యయనం చదివినప్పుడు నాకు ఆ అరచేయే గుర్తొచ్చింది. అనుభవం తక్కువ ఉన్నవారు సూచన సరైనప్పుడు 80 శాతం దాకా సరిగా చెప్పి, తప్పు సూచన వచ్చినప్పుడు 20 శాతానికి పడిపోయారు. బాగా పండినవారు కూడా 82 శాతం నుంచి 46 శాతం దగ్గరికి వచ్చారు.

ఇక మీరు చేయగలిగినవి. నాకు గట్టిగా తెలిసినవే రాస్తున్నాను.

తేదీ కాకుండా కాల వ్యవధి ఇవ్వండి, చివరి మాట రైతుకు వదలండి. డైట్‌వోర్స్ట్ బృందమే 2018లో ఇంకో సంగతి చూపింది. కంప్యూటర్ అంచనాను కాస్తయినా తమ చేతులతో సవరించుకునే వీలుంటే, అది తప్పుతుందని తెలిసి కూడా జనం వాడటానికి ఒప్పుకుంటారు. సవరణ ఎంత చిన్నదైనా పర్వాలేదు. కాబట్టి "జూన్ 24న విత్తండి" అనే బదులు, "ఆరుద్ర మొదటి వారంలో, మీ చేలో జానెడు లోతు మట్టి తీసి పిడికిట పడితే ఉండ కట్టిన రోజున విత్తండి" అనండి. పిడికిలి అతనిది, నిర్ణయం అతనిది, తప్పినా కొంత భాగం అతనిది. మీ లెక్క వల్ల కలిగే మేలు కూడా పెద్దగా పోదు. సగం చేను ఇప్పుడు, సగం తర్వాత విత్తిన రైతును మీ లెక్కలో సలహా వినని రైతుగా రాయకండి. అతను మీ సలహాను అందరికన్నా బాగా వాడినవాడు.

తప్పే అవకాశాన్ని ముందే, తేదీతో పాటే చెప్పండి. శాతాల్లో వద్దు. "గడిచిన పదేళ్లలో ఇలా ఆగినవారికి ఏడేళ్లు లాభించింది, మూడేళ్లు నష్టం వచ్చింది" అని చెబితే రైతుకు అర్థమవుతుంది, అతని జీవితమే ఆ లెక్క. ఆ మూడేళ్లు ఏవో కూడా చెప్పండి. ఫలానా ఏడాది అనగానే అతనికి ఆ వాన, ఆ పంట, ఆ ఏడాది జరిగిన పెళ్లి కూడా గుర్తొస్తాయి. ముందే విన్న తప్పు వచ్చినప్పుడు మోసంలా అనిపించదు. మీ పై అధికారులు దీనికి ఒప్పుకోకపోవచ్చు, సలహా బలహీనంగా కనిపిస్తుందంటారు. మొదటి సీజన్‌లో కాస్త బలహీనంగా కనిపించినా ఫర్వాలేదని వాదించండి.

ఫోటో ద్వారా తెగులు చెప్పేటప్పుడు, పేరు చూపించే ముందే ఆకు తిప్పమనండి, పువ్వు తట్టమనండి, ఏం కనిపించిందో నొక్కమనండి. పేరు ముందు చూపిస్తే ఎవరూ ఆకు తిప్పరు. నేనే తిప్పలేదు.

అన్నిటికన్నా పెద్దది, ఖర్చయ్యేది ఇది. సలహా తప్పిన చేనికి రెండు రోజుల్లో ఒక మనిషి వెళ్లాలి. వెళ్లలేకపోతే ఫోనైనా చేయాలి. నష్టపరిహారం ఇవ్వలేరని రైతుకు తెలుసు, అతను దాన్ని ఆశించడు. ఏ లెక్క తప్పింది, వచ్చే ఏడాదికి ఏం మారుస్తున్నారు అన్న రెండు మాటలు వినాలి. నేర్చుకునే గుణం మనిషికే ఉందని జనం అనుకుంటారు కదా, మీ లెక్క కూడా నేర్చుకుంటుందని వాళ్లకు కనిపించాలి. మీరు ప్రతి ఏడాదీ లెక్క సవరిస్తూనే ఉంటారు. ఆ సంగతి రైతుకు చెప్పేవారే లేరు.

ఇక ఫోటో, పేరు సంగతి. మొదటి సీజన్‌లో ఫలితం ఉంటుంది, కాదనను. కానీ ఆ పేరున్న మనిషి నిజంగా ఉండాలి, ఆ ఊరి పేరు తెలిసినవాడై ఉండాలి, పంట పోయిన రోజు రైతు ఫోను చేస్తే అతని ఫోనే మోగాలి. ఊరికే తెల్ల చొక్కా బొమ్మ పెట్టి దాని కింద ఒక పేరు రాస్తే, తప్పిన రోజున రైతు ఆ పేరుకోసం వెతుకుతాడు. లేడని తెలిసిన ఊళ్లో మీ తర్వాత వచ్చే నిజమైన మనిషిని కూడా నమ్మరు. దయచేసి ఆ పని చేయకండి.

ఒక చిన్న పని మాత్రం వచ్చే రోహిణి కార్తెలోనే చేయవచ్చు. ఎక్కువమంది మానేసిన ఒక ఊరు ఎంచుకుని రచ్చబండ దగ్గర కూర్చోండి. నిరుడు మీరు పంపిన సందేశాల్లో తప్పినవాటిని ఒక్కొక్కటిగా, తేదీతో సహా, వాళ్లకే చదివి వినిపించి, అప్పుడు మీ చేలో ఏం జరిగిందని అడగండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. ఆ ఊళ్లో ఆరుద్రకు ఎందరు ఆగారో ఇక్కడ తెలియజేస్తే, నేను మళ్లీ వచ్చి చదువుతాను.